పురుషాంగం చిన్నదైపోతోందా? కారణాలు, చికిత్స



ఈసారి మేము రాస్తున్న విషయాన్ని సంఘంలో ఎవరూ అడగరు. ఓ.పి.లో మాత్రం వెంట వచ్చినవాళ్లను బయటికి పంపి, తలుపు మూశాక, తల వంచుకుని అడుగుతారు. "సార్, నాది చిన్నగైపోతున్నది." సూర్యాపేట వ్యాపారస్థులు అడుగుతారు, కోదాడ లారీ డ్రైవర్లు అడుగుతారు, మిర్యాలగూడ రైసు మిల్లుల్లో పనిచేసేవాళ్లు అడుగుతారు. అరవై దాటిన పెద్దలూ, పెళ్లి కుదిరిన ఇరవై నాలుగేళ్ల కుర్రాళ్లూ అడుగుతారు. చాలామంది ఏడాది రెండేళ్లు మనసులోనే పెట్టుకుని, ఎక్కడెక్కడో డబ్బు తగలేసి, ఆఖరికి మా దగ్గరికి వస్తారు.

ఈ పత్రిక ఇంట్లో పిల్లా పెద్దా అందరి చేతుల్లోకీ పోతుంది కదా, ఇలాంటివి అచ్చు వేయవచ్చా అని మాలో కొందరు సందేహించారు. కానీ పౌలు కొరింథీ సంఘానికి రాసిన మొదటి పత్రిక ఏడవ అధ్యాయంలో భార్యాభర్తల దేహ సంబంధం గురించి దాపరికం లేకుండానే రాశాడు. పైగా మేము మాట్లాడకపోతే ఆ మాటలు మాట్లాడేవాళ్లు వేరే ఉన్నారు. హైదరాబాదు-విజయవాడ రహదారి వెంట గోడల మీద, బస్టాండు మూత్రశాలల తలుపుల మీద వాళ్ల రాతలే ఉంటాయి. అందుకే రాస్తున్నాం.

"చిన్నదైంది" అని వచ్చేవారు మూడు రకాలు. అంగంలోని కణజాలం నిజంగానే తగ్గినవారు కొందరు. కణజాలం ఉన్నంతా ఉండి, పొట్ట కొవ్వులోనో వాపులోనో దాగిపోయినవారు ఇంకొందరు. ఏమీ తగ్గకుండానే తగ్గిందని భయపడుతున్నవారు మరికొందరు. మూడింటికీ వైద్యం వేరు. ఏ రకమో తెలుసుకోకుండా ఒకే తైలం, ఒకే మాత్ర అందరికీ ఇచ్చేవాడు వైద్యుడు కాడు.

లోపల ఏముంటుంది?

పురుషాంగంలో ఎముక లేదు. చేతిలోనో తొడలోనో ఉండే కండ వంటిది కూడా కాదు, కాబట్టి వ్యాయామంతో పెంచగలిగేది కాదు. లోపల పొడవునా పక్కపక్కనే రెండు స్పాంజి గొట్టాలు ఉంటాయి. వాటి కింద మూత్రనాళం పోయే మూడో గొట్టం ఉంటుంది. ఆ రెండు గొట్టాల చుట్టూ గట్టి తొడుగు ఉంటుంది. సైకిలు ట్యూబు, దాని మీద టైరు అనుకోండి. మెదడు నుంచి నరాల ద్వారా కబురు అందగానే స్పాంజి గదుల గోడల్లోని మెత్తని కండరం సడలుతుంది. ధమనుల ద్వారా రక్తం వచ్చి నిండుతుంది. తొడుగు బిగుసుకుని, రక్తం బయటికి పోయే దారులను నొక్కిపడుతుంది. దీన్నే స్తంభన అంటాం.

ఆరోగ్యంగా ఉన్న మగవాడికి నిద్రలో రాత్రికి మూడు నుంచి ఐదుసార్లు స్తంభన వస్తుంది. మనిషికి తెలియదు. తెల్లవారుజామున మెలకువ వచ్చినప్పుడు మాత్రం గమనిస్తాడు. ఇది చెడు ఆలోచనల వల్ల వచ్చేది కాదు, అందుకు సిగ్గుపడవలసిన పని లేదు. ఆ స్పాంజికి తాజా రక్తం, ప్రాణవాయువు పుష్కలంగా అందేది అప్పుడే. నెలల తరబడి, ఏళ్ల తరబడి ఆ రక్తం అందకపోతే మెత్తని కండరం క్రమంగా తగ్గిపోయి, దాని స్థానంలో సాగని పీచు పదార్థం పేరుకుంటుంది. సాగే గుణం పోయిన స్పాంజి ముందున్నంత నిండదు, ముందున్నంత పొడవు రాదు. కణజాలం కుంచించుకుపోవడమంటే ఇదే.

షుగరు, బి.పి., బీడీ

నిజంగా తగ్గినవారిలో మేము ముందు వెతికే కారణం రక్తనాళాలు. షుగరు వ్యాధి రెండు వైపులా దెబ్బ తీస్తుంది. అటు నరాలను మొద్దుబారుస్తుంది, ఇటు రక్తనాళాలను గట్టిపరుస్తుంది. షుగరు ఉన్న మగవారికి స్తంభన లోపం మిగతావారికంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువగా, పది పదిహేనేళ్ల ముందుగా వస్తుంది. బి.పి., కొలెస్టరాల్, స్థూలకాయం, పొగ తాగడం కూడా ఇదే పని చేస్తాయి. బీడీ అయినా సిగరెట్టు అయినా తేడా లేదు. గుట్కా, జర్దా నమిలేవాళ్లు "మేము పొగ తాగం కదా" అంటారు. రక్తంలోకి పోయే నికోటిన్ ఏ దారిన పోయినా నాళాలను బిగిస్తుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. అంగానికి రక్తం తెచ్చే ధమని వెడల్పు ఒకటి రెండు మిల్లీమీటర్లే. గుండె ధమని మూడు నాలుగు మిల్లీమీటర్లు ఉంటుంది. సాగర్ ఎడమ కాలువ కింద వ్యవసాయం చేసే మన వాళ్లకు ఇది వేరే చెప్పనక్కర లేదు. కాలువలో నీళ్లు తగ్గితే ముందు ఎండేది చివరి పిల్లకాలువ, పెద్ద కాలువ సంగతి ఆ తరువాత తెలుస్తుంది. కొవ్వు పేరుకోవడం ఒంట్లో అన్ని నాళాల్లోనూ జరుగుతుంది, సన్నని నాళం ముందు మూసుకుపోతుంది. అందుకే స్తంభన తగ్గిన రెండు నుంచి ఐదేళ్లకు గుండె జబ్బు బయటపడటం వైద్యులు తరచుగా చూస్తారు.

లారీ నడిపే ఒక సహోదరుడు (గుర్తుపట్టకుండా ఒకటి రెండు వివరాలు మార్చాం) యాభై దాటాక ఈ బాధతోనే వచ్చాడు. అంతకు ముందు ఏడాదిన్నర ఒక లాడ్జి డాక్టరు ఇచ్చిన పొడి పాలల్లో కలుపుకుని తాగాడు. షుగరు పరీక్ష జీవితంలో ఎన్నడూ చేయించుకోలేదు. చేస్తే పరగడుపున రెండు వందల యాభై దాటింది. మెట్లెక్కితే ఆయాసం వస్తున్నదని అడిగితే చెప్పాడు, అడగకపోతే చెప్పేవాడు కాదు. గుండె పరీక్షలో తేడా కనిపించి హైదరాబాదు పంపితే అక్కడ స్టెంటు వేశారు. తాను వచ్చింది గుండె కోసం కాదని ఆయన ఇప్పటికీ అంటాడు. మేము మాత్రం ఆయన సరైన జబ్బుతోనే, కాస్త ఆలస్యంగా వచ్చాడని అనుకుంటాం.

అందుచేత ఈ బాధతో నలభై దాటినవారు ఎవరు వచ్చినా ముందు బి.పి. చూస్తాం, నడుము చుట్టుకొలత తీస్తాం, షుగరు, కొలెస్టరాల్, మూత్రపిండాల పరీక్షలు రాస్తాం, అవసరమైతే ఇ.సి.జి. తీస్తాం. "నేను చెప్పిందేమిటి, వీళ్లు చేసేదేమిటి" అని విసుక్కోకండి.

వయసు సంగతి కూడా చెప్పాలి. యాభై, అరవై దాటాక అంగం కొద్దిగా తగ్గినట్లు కనిపించడం, స్తంభన మెల్లగా రావడం చాలామందిలో సహజం. అమెరికాలోని మసాచుసెట్స్‌లో 40 నుంచి 70 ఏళ్ల మగవారిని పరీక్షించి 1994లో ప్రకటించిన అధ్యయనంలో, నూటికి 52 మందికి ఎంతో కొంత స్తంభన లోపం కనిపించింది. కాబట్టి ఈ బాధ మీ ఒక్కరిదే కాదు.

వంకర, గట్టి గడ్డ

కొందరికి అంగం మీద చర్మం కింద చిన్న గట్టి పలక వంటిది తగులుతుంది. స్తంభన వచ్చినప్పుడు నొప్పి, ఆ వైపుకు వంకర, పొడవు తగ్గడం ఉంటాయి. 1743లో ఫ్రాన్సు రాజు పదిహేనవ లూయీ కొలువులోని శస్త్రవైద్యుడు పెయిరోనీ దీన్ని వివరించాడు కాబట్టి ఇప్పటికీ పెయిరోనీ వ్యాధి అంటారు. చుట్టూ ఉన్న గట్టి తొడుగుకు చిన్న చిన్న దెబ్బలు తగిలి, అక్కడ మచ్చ కట్టడం దీనికి మూలమని భావిస్తారు. టైరుకు ఒక వైపు అతుకు వేస్తే ట్యూబు ఆ వైపు సాగనట్టు ఉంటుంది. షుగరు ఉన్నవారిలో ఎక్కువ. ఇది క్యాన్సరు కాదు, అంటువ్యాధి కాదు, భార్య నుంచి వచ్చింది కాదు, ఏ పాపానికీ శిక్ష కాదు. ఈ నాలుగూ మమ్మల్ని అడిగినవే.

మొదటి ఏడాది, ఏడాదిన్నర ఆ మచ్చ మారుతూ ఉంటుంది. అప్పుడు నొప్పికి మందులు ఇస్తాం, సాగదీసే పరికరం కొందరికి ఉపయోగపడుతుంది, మచ్చలోకే ఇంజెక్షన్లు ఇచ్చే పద్ధతులూ ఉన్నాయి. విటమిన్ ఇ మాత్రలు చాలామంది వాడుతుంటారు, వాటితో గుణం కనిపించినట్లు గట్టి ఆధారం లేదు. వంకర స్థిరపడి, దాంపత్యానికి అడ్డమైతే యూరాలజిస్టు ఆపరేషన్ చేస్తారు. వంకర సరిచేసే మామూలు ఆపరేషన్‌లో పొడవు ఇంకాస్త తగ్గుతుందని ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి.

ఒక అత్యవసరం. ఏ కారణం చేతనైనా స్తంభన నాలుగు గంటలు దాటి దిగకపోతే అర్ధరాత్రి అయినా ఆసుపత్రికి రావాలి. సికిల్ సెల్ వ్యాధి ఉన్నవారికి, కొన్ని మానసిక వ్యాధుల మందులు వాడేవారికి, అర్హత లేనివాళ్ల చేత అంగంలోకి ఇంజెక్షన్ వేయించుకున్నవారికి ఇలా జరుగుతుంది. లోపల నిలిచిన రక్తంలో ప్రాణవాయువు అయిపోయి కణజాలం చచ్చి పీచుగా మారుతుంది. తెల్లవారేదాకా ఆగితే పోయింది తిరిగి రాదు. అలాగే కలయికలో అంగం ఒక్కసారిగా వంగి, టప్పుమని శబ్దం వచ్చి, నల్లగా కమిలి వాచితే తొడుగు చిరిగిందని అర్థం. అది కూడా ఆలస్యం చేయకుండా ఆపరేషన్ చేయవలసిన గాయం. సిగ్గుతో ఇంట్లో ఐసు పెట్టుకుని కూర్చోకండి.

ప్రొస్టేట్ ఆపరేషన్ తరువాత

పెద్ద వయసులో మూత్రం సరిగా రాక, మూత్రనాళం గుండా పరికరం పంపి ప్రొస్టేట్ గీకే ఆపరేషన్ (టి.యు.ఆర్.పి.) మన పక్క చాలామందికి జరుగుతున్నది. దానివల్ల అంగం చిన్నదవదు. వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెనక్కి పోవడం మాత్రం మామూలు. దాన్ని చూసి చాలామంది కంగారు పడతారు.

ప్రొస్టేట్ క్యాన్సరుకు గ్రంథిని మొత్తం తీసివేసే ఆపరేషన్ వేరు. గ్రంథిని ఆనుకుని పోయే సన్నని నరాలు దెబ్బతింటాయి. రాత్రి స్తంభనలు నెలల తరబడి ఆగిపోతాయి. పైన చెప్పినట్లు పీచు పేరుకుంటుంది. సెంటీమీటరు, రెండు సెంటీమీటర్లు తగ్గడం ఉంది, కొందరిలో కాలక్రమేణా కొంత తిరిగి వస్తుంది. అందుకని ఆపరేషన్ అయిన కొద్ది వారాలకే మాత్రలు, గాలి తీసి రక్తాన్ని లాగే వాక్యూమ్ పరికరం మొదలుపెట్టమని చాలామంది యూరాలజిస్టులు సలహా ఇస్తారు. మీ సర్జన్‌ను మీరే అడగండి. అడిగితే ఏమనుకుంటారో అని ఊరుకుంటే ఆ నెలలు వృథా అవుతాయి. క్యాన్సరు ముదిరినప్పుడు మగ హార్మోన్‌ను ఆపే ఇంజెక్షన్లు ఇవ్వడమో వృషణాలు తీసివేయడమో చేస్తారు. అక్కడ అంగం, వృషణాలు తగ్గడం తప్పదు, కానీ ఆ చికిత్స ప్రాణాన్ని నిలబెడుతున్నది. ప్రొస్టేట్ వాపుకు వాడే ఫినాస్టెరైడ్, డ్యూటాస్టెరైడ్ మాత్రలతో కొద్దిమందికి కోరిక, స్తంభన తగ్గుతాయి. తేడా కనిపిస్తే డాక్టరుకు చెప్పండి, మీ అంతట మీరే మానేయకండి.

ముందు చర్మం బిగుసుకుంటే

నలభై, యాభై ఏళ్లు బాగానే ఉండి, ఉన్నట్టుండి ముందు చర్మం వెనక్కి రాకుండా పోతే, పగుళ్లు పడితే, ముందు షుగరు పరీక్ష చేయించుకోండి. మన దగ్గర షుగరు ఇలా బయటపడటం అరుదేమీ కాదు. మరి కొందరికి తెల్లని మచ్చలు పడి చర్మం దళసరెక్కి ఉంగరంలా బిగుసుకుంటుంది, అంగం లోపలికి లాగినట్లవుతుంది. దీనికి తొలిదశలో డాక్టరు రాసే స్టిరాయిడ్ పూతమందు పనిచేస్తుంది, ముదిరితే సున్నతి ఆపరేషన్ చేస్తారు.

బిగుసుకున్న చర్మం వెనక పుండు ఉంటే కంటికి కనబడదు. అంగానికి వచ్చే క్యాన్సరు పాశ్చాత్య దేశాలకంటే మన దేశంలో ఎక్కువ. చర్మం బిగుతు, లోపల మడ్డి పేరుకోవడం, పొగాకు, హెచ్.పి.వి. అనే వైరస్ దానికి కారణాలు. మానని పుండు, దుర్వాసన, రక్తం, గట్టి గడ్డ, గజ్జల్లో బిళ్లలు ఉంటే వారాలు గడపకండి. తొలిదశలో పట్టుకుంటే చిన్న ఆపరేషన్‌తో పోతుంది, అంగం చాలావరకు మిగులుతుంది. సిగ్గుపడి ఏడాది దాచినవారికి మొత్తం తీసివేయవలసి రావచ్చు. పురుషాంగం గురించిన సిగ్గు వల్ల మనుషులు పోగొట్టుకునేది ఒక్కోసారి పురుషాంగాన్నే.

ఉన్నంతా ఉండి దాగిపోతే

పొట్ట పెరిగేకొద్దీ పొత్తికడుపు కింద ఎముక మీద కొవ్వు దిండులా పేరుకుంటుంది. అంగం మొదలు దానిలో మునిగిపోతుంది. కొసే కనిపిస్తుంది కాబట్టి చిన్నదైందనిపిస్తుంది. స్కేలును ఎముకకు తగిలేదాకా నొక్కి కొలిస్తే పాత కొలతే ఉంటుంది. దీనికి మందు నడక. బరువు తగ్గితే దాగినది మళ్లీ బయటపడుతుంది, షుగరూ బి.పి.యీ అదుపులోకి వస్తాయి.

మన ప్రాంతానికి సంబంధించిన ఇంకొక కారణం వరిబీజం. ఫైలేరియా ఉన్న ప్రాంతం కాబట్టే ఉమ్మడి నల్లగొండ జిల్లాలో ఏళ్ల తరబడి డి.ఇ.సి. మాత్రలు ఊరూరా పంచారు. మింగకుండా గోడ అవతల పారేసినవాళ్లు ఎంతమందో ఆ ఆశా కార్యకర్తలకే తెలుసు. వృషణాల చుట్టూ నీరు చేరి బుడ్డ కొబ్బరికాయంత అయితే అంగం మీది చర్మాన్ని అది లాగేసుకుంటుంది, అంగం కనిపించకుండా పోతుంది. పాత గిలక దిగినా అంతే. పంచె కట్టి దాచుకుంటూ పదేళ్లు బతికినవారున్నారు. ఆపరేషన్ పెద్దది కాదు, అయ్యాక అంగం తిరిగి కనిపిస్తుంది. ఆపరేషన్ కాకుండా సూదితో నీరు తీయించుకుంటే మళ్లీ నిండుతుంది, చీము పట్టే ప్రమాదమూ ఉంది.

తల్లులు బొద్దుగా ఉన్న పిల్లవాడిని తెచ్చి "మగతనం పెరగలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంటారు. తొంభై పాళ్లు అది కొవ్వులో దాగినదే. వృషణాలు రెండూ సంచిలో ఉన్నాయా లేదా అన్నది అంతకంటే ముఖ్యం. ఆరు నెలలు నిండినా దిగకపోతే డాక్టరుకు చూపించాలి. పద్నాలుగేళ్లు నిండినా వృషణాలు పెరగడం మొదలు కాకపోతే హార్మోన్ పరీక్షలు అవసరం. పిల్లవాడి ఎదుట చుట్టాలతో ఈ మాట అనకండి. వాడికి ఆ మాట జీవితాంతం గుర్తుంటుంది.

ఫ్లోరైడ్ నీళ్ల వల్లనా అని నల్లగొండ వైపు వాళ్లు అడుగుతారు. ఫ్లోరోసిస్ పళ్లనూ ఎముకలనూ పట్టే జబ్బు. అంగం తగ్గడం దాని లక్షణాల్లో లేదు.

భయమే జబ్బైతే

కుర్రవాళ్లలో ఎక్కువమందికి అంగం మామూలుగానే ఉంటుంది. చలికి, భయానికి, పరుగెత్తాక ముడుచుకోవడం దాని స్వభావం. 2015లో పదిహేను వేలమందికి పైగా మగవారి కొలతలను కలిపి చూసిన పరిశీలనలో సగటు పొడవు మామూలు స్థితిలో 9.16 సెంటీమీటర్లు, స్తంభనలో 13.12 సెంటీమీటర్లు తేలింది. సగటు అంటే అందరికీ అంతే ఉండాలని కాదు. పైనుంచి కిందికి చూసుకునేవాడికి తనది ఎప్పుడూ చిన్నగానే కనిపిస్తుంది. ఫోనుల్లో చూసే చెడ్డ సినిమాలతో పోల్చుకుంటే ఇంకా చిన్నగా కనిపిస్తుంది.

హస్తప్రయోగం వల్ల చిన్నదైందన్న భయం అన్నిటికంటే ఎక్కువ. ఆ అలవాటు గురించి మనస్సాక్షికి సంబంధించిన ప్రశ్న ఉంటే మీ కాపరితో మాట్లాడండి. వైద్యపరంగా మాత్రం దానివల్ల అంగం చిన్నదవదు, నరాలు చచ్చిపోవు, పిల్లలు పుట్టకుండా పోరు. ధాతువు పోయి ఒళ్లు నీరసించిందన్న ఈ భయానికి 1960లో డాక్టర్ ఎన్.ఎన్. విగ్ ధాతు సిండ్రోమ్ అని పేరు పెట్టారు. మన దేశంలో అది అంత మామూలు.

అంగం లోపలికి పోయి ప్రాణం పోతుందన్న భయం ఊళ్లకు ఊళ్లనే పట్టిన సందర్భాలున్నాయి. 1967లో సింగపూర్‌లో, 1982లో అస్సాం, పశ్చిమ బెంగాల్‌లో జనం ఆసుపత్రులకు పరుగులు తీశారు. ఎవరికీ అంగం లోపలికి పోలేదు. సింగపూర్‌లో వైద్యులు రేడియోలో, టెలివిజన్‌లో బాహాటంగా వివరించాక ఆ భయం చల్లారింది. ఈ వ్యాసం రాయడానికి మాకు ధైర్యమిచ్చిన వాటిలో అదొకటి.

గోడ మీది డాక్టర్లు

1954 నాటి అభ్యంతరకర ప్రకటనల చట్టం లైంగిక శక్తిని పెంచుతామన్న మందుల ప్రకటనలను నిషేధించింది. 1945 నాటి ఔషధ నిబంధనల్లోని జె షెడ్యూలు ప్రకారం, లైంగిక అవయవం పరిమాణాన్ని, ఆకారాన్ని మెరుగుపరుస్తామని ఏ మందూ చెప్పుకోకూడదు. గోడ మీద ఆ రాత కనిపించిందంటే, లోపల కూర్చున్నవాడి మొదటి పనే చట్టవిరుద్ధమని తెలుసుకోండి.

తైలాలతో చర్మం కాలి వచ్చినవారున్నారు. భస్మాల్లో పాదరసం, సీసం ఉంటే మూత్రపిండాలు పాడవుతాయి. మూలికలని అమ్మే పొడులు, గుళికలు కొన్నిటిలో వయాగ్రాలో ఉండే సిల్డెనాఫిల్‌నే కలుపుతారు. "మూలికే, ఏం కాదు" అని మింగిన మనిషికి గుండె నొప్పి వచ్చి, నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకుంటే బి.పి. ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. ఇక మొదట పరీక్షకు ఐదు వందలు, ఆ తరువాత "కోర్సు"కు పాతిక వేలు, మానేస్తానంటే ఇంట్లో చెబుతామని బెదిరింపు. ఇంట్లో వాళ్లకు మీరే ముందు చెప్పేస్తే ఆ బెదిరింపు పనిచేయదు.

ఏం చేయగలం, ఏం చేయలేం

పీచుగా మారిన కణజాలాన్ని పూర్తిగా పాత స్థితికి తెచ్చే మందు ఇప్పటికి లేదు. తగ్గుదలను ఆపగలం, స్తంభనను చాలామందిలో తిరిగి తేగలం. పొగాకు పూర్తిగా మానడం, రోజూ అరగంట నడక, షుగరు అదుపు మొదటి చికిత్స. 1998లో వచ్చిన సిల్డెనాఫిల్, ఆ తరువాత వచ్చిన టాడలాఫిల్ చవకగా దొరుకుతాయి, సరిగా వాడితే బాగా పనిచేస్తాయి. అవి పొడవును పెంచవు, రక్తాన్ని రానిస్తాయి. నైట్రేట్ మాత్రలు వాడే గుండె రోగులు వీటిని అసలు తాకకూడదు. వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో డాక్టరుకు దాచకుండా చెప్పాలి. సిల్డెనాఫిల్ తరువాత ఇరవై నాలుగు గంటలు, టాడలాఫిల్ తరువాత నలభై ఎనిమిది గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు.

టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ బలానికి వేసుకునేది కాదు. ఉదయం పూట రెండు వేర్వేరు రోజుల్లో రక్త పరీక్ష చేసి, రెండింటిలోనూ తక్కువగా ఉంటేనే ఆలోచిస్తాం. పెద్దవాళ్లలో అది అంగాన్ని పెంచదు, బయటినుంచి ఇస్తే వీర్యకణాలు తగ్గిపోతాయి. పిల్లలు కావాలనుకునేవాళ్లు జిమ్ముల్లో వేసే ఇంజెక్షన్లకు దూరంగా ఉండాలి. సారా, కల్లు ఏళ్ల తరబడి తాగి కాలేయం చెడినవారికి వృషణాలు తగ్గి రొమ్ములు పెరుగుతాయి. అక్కడ మందు మానడమే వైద్యం.

ఏదీ పనిచేయనివారికి లోపల కడ్డీలు అమర్చే ఆపరేషన్ ఉంది. వంగే రకం కడ్డీలు మన దేశంలోనే తయారవుతున్నాయి. అవి ఉన్న పొడవును నిలబెడతాయి, పోయిన పొడవును తేవు. హైదరాబాదులో నిమ్స్, ఉస్మానియా, గాంధీ ఆసుపత్రుల్లో యూరాలజీ విభాగాలున్నాయి. ఆపరేషన్ అవసరమైనవారికి మేము చీటీ రాసి పంపిస్తాం. పరీక్షలకు హైదరాబాదు దాకా పోనక్కర లేదు. 2019లో మొదలైన సూర్యాపేట, నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలల ఆసుపత్రుల్లోనూ చేయించుకోవచ్చు.

అమ్మలకు, అక్కలకు ఒక మాట. భర్త దూరంగా పడుకుంటున్నాడంటే అది వేరే ఆడదాని వల్లే అనుకోనక్కర లేదు. మాట దాటవేస్తూ, చిరాకు పడుతూ, రాత్రి పొద్దుపోయేదాకా బయట తిరిగే మనిషి మనసులో ఈ భయం ఉండవచ్చు. ఎగతాళి చేయకండి. వెంట రండి. ఇద్దరూ కలిసి వచ్చినవారికి వైద్యం తొందరగా గుణమిస్తుందని మా అనుభవం.

వచ్చేటప్పుడు పరగడుపున రండి, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకుని తెండి, ఆ పొడి డబ్బా కూడా. చీటీ రాయించుకునేటప్పుడు కిటికీ దగ్గర అందరి ముందు కారణం చెప్పనక్కర లేదు. "డాక్టరుగారితో మాట్లాడాలి" అంటే చాలు, మా సిస్టర్లు ఇంకేమీ అడగరు.